బ్రూయింగ్ కంట్రోల్ ప్యానెల్‌కి తక్కువ ఖర్చులో స్విచ్‌లు ఎలా?

#1 – మొదటిమరుగు

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా గ్యాస్ మీద బీర్ కాస్తున్నాను. ఇప్పుడు కరెంటుకి మారుతున్నాను. నీళ్ల ట్యాంకులో ఒక ఎలిమెంట్, మరిగించే కెటిల్‌లో ఒకటి, రెండూ 230 వోల్టులకి 3500 వాట్లవి. రెండు పంపులు, రెండు పీఐడీలు (ఉష్ణోగ్రత చూసి ఎలిమెంట్‌ని నడిపే కంట్రోలర్లు). పెట్టె, పీఐడీలు, ఎస్‌ఎస్‌ఆర్‌లు (పీఐడీ చెప్పినట్టు ఎలిమెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ రిలేలు) కొనేశాను. స్విచ్‌ల దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయాను.

నేను వేసుకున్న లిస్టు ఇది: మెయిన్‌కి తాళంచెవి స్విచ్, ఎమర్జెన్సీ స్టాప్, ఎలిమెంట్లకి రెండు, పంపులకి రెండు, పీఐడీలకి విడివిడిగా రెండు, అలారం ఆపడానికి ఒకటి, టైమర్ రీసెట్‌కి ఒకటి, ప్యానెల్ లోపలి లైటుకి ఒకటి. మొత్తం 11 స్విచ్‌లు, పైన 7 ఇండికేటర్ లైట్లు. పేరున్న కంపెనీవి అన్నీ కలిపి లెక్కేస్తే స్విచ్‌ల ఖర్చే పీఐడీల ఖర్చుని దాటిపోతోంది. మరోపక్క చూడటానికి అచ్చం అలాగే ఉండేవి ఐదో వంతుకి కూడా దొరుకుతున్నాయి. అవి వాడొచ్చా? నీళ్లు, ఆవిరి, కరెంటు ఒకే చోట ఉండే పని కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించుకోకూడదు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 – పాతఇనుము

ఇండస్ట్రియల్ స్విచ్‌లు కొత్తవే కొనాలని రూలేమీ లేదండీ. విప్పేసిన పాత మెషీన్ల ప్యానెళ్లలో 22 మిల్లీమీటర్ల స్విచ్‌లు కుప్పలుగా దొరుకుతాయి. నా ప్యానెల్‌లో ఎమర్జెన్సీ స్టాప్ తప్ప మిగిలినవన్నీ అలా వచ్చినవే. మెటల్ రింగు, గట్టి స్ప్రింగు, తిప్పితే టక్కుమని కూర్చునే హ్యాండిల్. కొత్త చవక సరుకులో ఆ బిగువు ఉండదు. పది లక్షల సార్లు పైగా నొక్కినా తట్టుకునేలా చేసిన మాల్ అది. మనం వారానికి ఒకసారి కాస్తే ఒక స్విచ్ ఎన్నిసార్లు తిప్పుతాం?

#3 – మాష్‌గరిటె

ముందు నా అనుభవం వినండి, తర్వాత చవక సంగతి చూద్దాం.

నా మొదటి పెట్టెలో 3000 వాట్ల ఎలిమెంట్‌ని నేరుగా రాకర్ స్విచ్‌తో ఆన్ చేసేవాణ్ణి. స్విచ్ మీద 16 ఆంప్స్ అని ఉంది, ఎలిమెంట్ తీసుకునేది 13. చాలనుకున్నాను. నాలుగు బ్యాచ్‌లు బాగానే నడిచింది. ఐదో బ్యాచ్‌లో మరుగు మొదలై గంట దాటాక మాడిన వాసన వచ్చింది. హాప్స్ (బీర్‌కి చేదునిచ్చే పూలు) వేయడానికి కెటిల్ దగ్గరే ఉన్నాను కాబట్టి సరిపోయింది. స్విచ్ ఆఫ్ చేయబోతే కదల్లేదు. లోపల ప్లాస్టిక్ కరిగి మీటని పట్టేసింది. గోడ దగ్గర ప్లగ్ పీకాల్సి వచ్చింది. విప్పి చూస్తే వెనక ట్యాబ్ మీద బిగించిన క్రింప్ (వైరు చివర నొక్కి బిగించే లోహపు ముక్క) వదులై నల్లబడి ఉంది.

స్విచ్‌లో లోపమా, నా క్రింపింగ్‌లో లోపమా అంటే రెండూ అనే అంటాను. కానీ ఒకటి అర్థమైంది. టీ కెటిల్ ఐదు నిమిషాలు నడిచి ఆగిపోతుంది. మన ఎలిమెంట్ గంటన్నర ఆగకుండా నడుస్తుంది. వేడి చల్లారే సమయమే ఉండదు.

#4 – రాగితీగ

ప్యానెల్ వైరింగ్ నా వృత్తి. మాష్‌గరిటె గారు చెప్పినదాన్ని లెక్కలో చూపిస్తాను, మొదటిమరుగు గారి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

మీ ఎలిమెంట్ 3500 వాట్లు, 230 వోల్టులు. అంటే 15.2 ఆంప్స్. మంచి కొత్త కాంటాక్ట్‌కి 50 మిల్లీఓమ్‌ల దాకా రెసిస్టెన్స్ ఉండొచ్చు. 15.2 ఆంప్స్ దాని గుండా పోతే స్విచ్ లోపల పుట్టే వేడి సుమారు 11.5 వాట్లు. కాంటాక్ట్ మీద మసి పట్టో, స్క్రూ వదులయ్యో అది 0.2 ఓమ్‌లకి పెరిగితే 46 వాట్లు. సోల్డరింగ్ ఐరన్‌ని ప్లాస్టిక్ స్విచ్‌లో పెట్టి మూసినట్టే. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది, కాబట్టి ఇక్కడ చిన్న తేడా కూడా చిన్నది కాదు.

ఇప్పుడు అదే స్విచ్‌తో ఎలిమెంట్‌ని కాకుండా కాంటాక్టర్ కాయిల్‌ని ఆన్ చేయండి. కాంటాక్టర్ అంటే కాయిల్‌కి చిన్న కరెంటు ఇస్తే లోపలి కాంటాక్ట్‌లతో పెద్ద కరెంటుని కలిపే, తెంపే స్విచ్. చిన్న ఏసీ కాంటాక్టర్ కాయిల్ లాగే క్షణంలో 70 వీఏ (వోల్టు-ఆంప్స్) దగ్గర తీసుకుంటుంది, పట్టుకున్నాక 7 వీఏ దగ్గర. 230 వోల్టుల మీద 0.3 ఆంప్స్, ఆ తర్వాత 0.03 ఆంప్స్. ఆ కరెంటుకి 0.2 ఓమ్‌ల కాంటాక్ట్ ఉన్నా వేడి లెక్కలోకే రాదు.

అందుకని చవక స్విచ్ వాడొచ్చా అని అడిగే ముందు, ఆ స్విచ్ గుండా ఏం పోతుందో అడగండి. ఎలిమెంట్ కరెంటు తలుపు మీది స్విచ్ దాకా రాకుండా చూసుకుంటే చవకవీ పాతవీ చాలావరకు పనికొస్తాయి. మిగిలిన డబ్బు కాంటాక్టర్ మీద, ఎస్‌ఎస్‌ఆర్ హీట్‌సింక్ మీద పెట్టండి.

#5 – మొదటిమరుగు

రాగితీగ గారూ, చాలా థాంక్స్. ఒక అనుమానం. ఎలిమెంట్‌కి ఎస్‌ఎస్‌ఆర్ ఉంది కదా. పీఐడీ నుంచి ఎస్‌ఎస్‌ఆర్‌కి పోయే 12 వోల్టుల సన్న వైరుని స్విచ్‌తో తెంపితే ఎలిమెంట్ ఆగిపోతుంది. అలాంటప్పుడు కాంటాక్టర్ ఎందుకు? అదొక అదనపు ఖర్చు కదా?

#6 – రాగితీగ

రెండు కారణాలున్నాయి. ఒకటి, ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే ఎక్కువగా షార్ట్ అయ్యే పాడవుతుంది, అంటే ఆన్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు మీరు 12 వోల్టుల వైరు తెంపినా ఎలిమెంట్ ఆగదు. రెండు, ఎస్‌ఎస్‌ఆర్ బాగున్నా, ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కొన్ని మిల్లీఆంప్స్ లీక్ అవుతూనే ఉంటుంది. ఆఫ్ చేశాను కదా అని ఎలిమెంట్ వైరు విప్పి ఆ చివర ముట్టుకుంటే షాక్ కొట్టొచ్చు. నిజంగా గాలి ఖాళీతో వైరుని విడదీసేది కాంటాక్టరే.

అలాగని ఎస్‌ఎస్‌ఆర్ తీసేసి కాంటాక్టర్‌తోనే పీఐడీ నడపకండి. రెండు సెకన్ల సైకిల్ అంటే గంటకి 1800 సార్లు కొట్టుకుంటుంది. ఎస్‌ఎస్‌ఆర్ కంట్రోల్ చేయాలి, కాంటాక్టర్ అనుమతి ఇవ్వాలి, రెండూ వరసలో ఉండాలి.

కాంటాక్టర్‌లో ఖర్చు తగ్గే దారి కూడా ఉంది. దాని మీద రెండు రేటింగులుంటాయి: మోటార్లకి ఏసీ-3, ఎలిమెంట్ లాంటి రెసిస్టివ్ లోడ్‌కి ఏసీ-1. ఏసీ-3లో 9 ఆంప్స్ అని అమ్మే ప్రామాణిక కాంటాక్టర్లు చాలావాటికి ఏసీ-1లో 25 ఆంప్స్ ఉంటుంది. పెద్ద సైజు అక్కర్లేదు. మీరు కొనే దాని డేటాషీట్‌లో ఏసీ-1 అంకె చూసుకోండి.

#7 – తొమ్మిదోబ్యాచ్

మీ లిస్టు గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను. స్విచ్ ధర తగ్గించుకోవడం కన్నా స్విచ్‌ల సంఖ్య తగ్గించుకోవడం సులువు. నేను కూడా 13తో మొదలుపెట్టాను, 6తో ప్యానెల్ పూర్తయింది. వాడుతున్నప్పుడు ఏదీ తక్కువైందని అనిపించలేదు.

పీఐడీలకి విడివిడి స్విచ్‌లు ఎందుకు? మెయిన్ ఆన్ అయితే అవి కూడా ఆన్ అవనివ్వండి, ఉష్ణోగ్రత చూపిస్తూ ఉంటాయి, నష్టం లేదు. అలారం ఆపడం, టైమర్ రీసెట్ పీఐడీ బటన్లతోనే అవుతాయి, మీ మోడల్ మాన్యువల్ చూడండి. ప్యానెల్ లోపలి లైటు మరుగుతున్నప్పుడు తలుపు తీస్తే తప్ప అక్కర్లేదు, అప్పుడు తలుపు తీయనే కూడదు.

ఇక ముఖ్యమైనది. మీ రెండు ఎలిమెంట్లూ కలిపి 30 ఆంప్స్ దాటుతాయి. మీ లైను అంత ఇస్తుందా? ఇవ్వకపోతే రెండు స్విచ్‌ల బదులు ఒకే మూడు స్థానాల సెలెక్టర్ పెట్టండి. ఎడమకి తిప్పితే నీళ్ల ట్యాంకు, మధ్యలో ఆఫ్, కుడికి తిప్పితే కెటిల్. ఒక స్విచ్ తగ్గుతుంది, రెండూ ఒకేసారి ఆన్ అయ్యే ప్రమాదమూ పోతుంది. మాష్‌కి (మాల్ట్ గింజలు నానబెట్టడానికి) నీళ్లు కాగాక అవసరం కెటిల్‌దే కాబట్టి రెండూ కలిసి నడవాల్సిన సమయం చాలా తక్కువ.

#8 – మొదటిమరుగు

ఇది నాకు తట్టలేదు! నా లైను 20 ఆంప్స్ బ్రేకర్ మీద ఉంది. రెండూ వేస్తే ఎటూ ట్రిప్ అవుతుంది. మూడు స్థానాల సెలెక్టర్ ఖాయం.

#9 – రాగితీగ

మంచి నిర్ణయం. రెండు జాగ్రత్తలు చెప్తాను.

మూడు స్థానాల సెలెక్టర్ వెనక రెండు ఎన్‌ఓ (మామూలుగా విడిపోయి ఉండి, తిప్పితే కలిసే) కాంటాక్ట్ బ్లాకులు ఉంటాయి. ఎడమకి తిప్పితే ఒకటి, కుడికి తిప్పితే ఇంకొకటి కలుస్తుంది. ఏ వైపు బిగించిన బ్లాక్ ఏ దిక్కుకి పనిచేస్తుందో కంపెనీని బట్టి మారుతుంది. వైర్లు వేయక ముందే మీటర్ కంటిన్యుటీలో పెట్టి తిప్పి చూసుకోండి, కాగితం మీద రాసుకోండి.

రెండోది, కాంటాక్టర్ వెల్డ్ అయి అతుక్కుపోతే స్విచ్ చెప్పినా వినదు. ఒక్కో కాంటాక్టర్ మీద ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండి, కాంటాక్టర్ లాగితే విడిపోయే) సహాయక కాంటాక్ట్ ఉంటుంది కదా, దాన్ని రెండో దాని కాయిల్‌కి వరసలో వేయండి. ఒకటి అతుక్కుంటే రెండోది అసలు లాగదు. అదనపు ఖర్చు రెండు వైరు ముక్కలే. కొనేటప్పుడు ఎన్‌సీ సహాయక కాంటాక్ట్ ఉందో లేదో మాత్రం చూసుకోవాలి.

#10 – పాతఇనుము

కొనే విషయానికి వద్దాం. ఎవరైనా "బ్రూయింగ్ స్విచ్" అని వెతికితే ఎక్కువ ధరే కనిపిస్తుంది. అదే వస్తువుని సిరీస్ పేరుతో వెతకండి. టెలిమెకానిక్ కంపెనీ పాత ఎక్స్‌బీ2 డిజైన్‌ని పోలినవి, దాని మోడల్ నంబర్లతోనే, చాలామంది తయారు చేస్తున్నారు. ఎల్ఏవై37, ఎల్ఏ38 అనే పేర్లతో కూడా చవకవి వస్తాయి. ఇండికేటర్ లైట్లకి ఏడీ16-22 అని వెతకండి.

ఒక్క కుటుంబానికి కట్టుబడి ఉండండి, ఇది చాలా ముఖ్యం. ముందు తలకాయ, వెనక బ్లాక్ విడివిడి ముక్కలు. ఒకే సిరీస్ అయితే పుష్ బటన్ బ్లాక్ తీసి సెలెక్టర్‌కి పెట్టుకోవచ్చు, రెండు స్పేర్ బ్లాకులు డబ్బాలో పడేసి ఉంచుకుంటే ప్యానెల్ మొత్తానికి సరిపోతాయి. నేను మొదట్లో నాలుగు కంపెనీలవి కలిపేశాను. ఎక్స్‌బీ2 బ్లాక్ ఎక్స్‌బీ4 తలకాయకి కూర్చోదు, పేర్లు దగ్గరగా ఉన్నాయని మోసపోయాను.

చిల్లు కొలత విషయంలో 22 మిల్లీమీటర్లు తీసుకోండి. 16వి చిన్నగా ముద్దుగా ఉంటాయి కానీ బ్లాకులు తక్కువ రకాలు, తడి చేత్తో తిప్పడం కష్టం. 30వి పాత పెద్ద సైజు, గట్టివే, కానీ చోటు తినేస్తాయి.

#11 – హాప్‌తీగ

22 మిల్లీమీటర్ల స్విచ్‌కి అసలు రంధ్రం 22.3 ఉండాలి. 22 డ్రిల్ చేస్తే కూర్చోక ఆకురాయితో రుద్దాల్సి వచ్చింది నాకు. 22.5 మెట్ల డ్రిల్ బిట్ దొరికితే ఒక్క దెబ్బతో అయిపోతుంది. రంధ్రాల మధ్య అడ్డంగా కనీసం 30, నిలువుగా 40 మిల్లీమీటర్లు వదలండి, లేకపోతే వెనక బ్లాకులు ఒకదానికొకటి తగులుతాయి. ముందు అట్టముక్క మీద గీసి చూడటం మంచిది.

#12 – నురగ

ఎమర్జెన్సీ స్టాప్‌కి నేను ఒక చవక పద్ధతి చూశాను. ఆర్‌సీడీ (ఎర్త్‌కి కరెంటు లీకైతే లైను తెంపేసే పరికరం) ఎలాగూ ఉంటుంది కదా. పుష్ బటన్ నొక్కితే ఫేజ్ నుంచి ఒక రెసిస్టర్ ద్వారా ఎర్త్‌కి కాస్త కరెంటు పోయేలా చేస్తే ఆర్‌సీడీ ట్రిప్ అయి మొత్తం ఆగిపోతుంది. ఒక బటన్, ఒక రెసిస్టర్ చాలు. పెద్ద మెయిన్ కాంటాక్టర్ అక్కర్లేదు. ఇది ఎందుకు వద్దంటారు?

#13 – రాగితీగ

నురగ గారూ, ఆ పద్ధతి వాడుకలో ఉంది, పని చేస్తుంది కూడా. కానీ నేను ఎవరికీ చేయమని చెప్పను. కారణం ఇది.

ఆ బటన్ పనిచేయాలంటే వైర్లన్నీ బాగుండాలి. ఎర్త్ వైరు ఊడిపోయిందనుకోండి, రెసిస్టర్ కాలిపోయిందనుకోండి, బటన్ స్క్రూ వదులైందనుకోండి. నొక్కితే ఏమీ జరగదు. పైగా ఎర్త్ ఊడిపోయిన రోజు మీరు నొక్కితే ఆ రెసిస్టర్ గుండా ప్యానెల్ బాడీకే కరెంటు ఎక్కుతుంది. ఎమర్జెన్సీ బటన్‌ని నొక్కేది ఏదో ఒకటి అప్పటికే పాడైన రోజునే అని మరిచిపోకండి.

సరైన పద్ధతిలో ఎన్‌సీ కాంటాక్ట్ మెయిన్ కాంటాక్టర్ కాయిల్‌కి వరసలో ఉంటుంది. వైరు తెగినా, స్క్రూ ఊడినా, బటన్ నొక్కినా ఫలితం ఒక్కటే: కాయిల్ వదిలేస్తుంది, ప్యానెల్ ఆగిపోతుంది. లోపం ఎటు వచ్చినా ఆపే వైపుకే వస్తుంది. దీని ఖర్చు ఒక కాంటాక్టర్, అంతే.

ఆర్‌సీడీ మాత్రం కచ్చితంగా ఉండాలి, 30 మిల్లీఆంప్స్‌ది లేదా అంతకన్నా సున్నితమైనది. అది మనిషి ప్రాణం కాపాడటానికి. దాని పని దాన్ని చేసుకోనివ్వండి.

#14 – నురగ

అర్థమైంది. ఎర్త్ ఊడిపోయిన సందర్భం నేను ఆలోచించలేదు. నా ప్యానెల్ ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి మార్చేస్తాను.

#15 – మాష్‌గరిటె

మెయిన్ కాంటాక్టర్ ఎలాగూ పెడుతున్నారు కాబట్టి ఇంకొక్కటి చేయండి. ఎమర్జెన్సీ ఎన్‌సీకి వరసలో ఒక ఎర్ర స్టాప్ బటన్, దాని తర్వాత ఒక పచ్చ స్టార్ట్ బటన్, స్టార్ట్‌కి సమాంతరంగా అదే కాంటాక్టర్‌లోని ఎన్‌ఓ సహాయక కాంటాక్ట్. పచ్చది ఒకసారి నొక్కితే తనని తానే పట్టుకుంటుంది. కరెంటు పోయి వస్తే తనంతట తాను ఆన్ అవ్వదు, మళ్లీ మీరు నొక్కాలి. కరెంటు లేనప్పుడు కెటిల్ ఖాళీ చేశారనుకోండి, వచ్చాక ఎలిమెంట్ ఉత్తి కెటిల్‌లో వెలిగే ప్రమాదం ఉండదు. తాళంచెవి స్విచ్ కన్నా ఇది ఎన్నో రెట్లు పనికొస్తుంది, రెండూ మామూలు పుష్ బటన్లే కాబట్టి చవక.

#16 – పాతఇనుము

ఎమర్జెన్సీ స్టాప్‌ని మాత్రం నేను కూడా పాతది కొనను. నా ప్యానెల్‌లో కొత్తగా పేరున్నది కొన్న స్విచ్ అదొక్కటే. బ్లాక్ మీద వలయంలో బాణం గుర్తు ఉందో లేదో చూడండి. కాంటాక్ట్ అతుక్కున్నా బటన్ బలంతోనే విడిపోయేలా చేసినదని దాని అర్థం. ఐఈసీ 60947-5-1 అనే ప్రమాణంలో ఉన్న గుర్తు అది. చవక వాటి మీద ఆ గుర్తు అచ్చు వేసి ఉన్నా నేను నమ్మను.

#17 – రాగితీగ

ఇక్కడ అందరూ మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. బటన్ తలకాయ తలుపు మీద ఉంటుంది, బ్లాక్ వెనక క్లిప్పుతోనో స్క్రూతోనో పట్టుకుని ఉంటుంది. ఆ బ్లాక్ ఊడి వైర్లకి వేలాడుతుంటే ఎన్‌సీ కలిసే ఉంటుంది, ప్యానెల్ మామూలుగానే నడుస్తుంది. బటన్ నొక్కితే మాత్రం గాల్లో నొక్కినట్టే. బ్లాక్ ఊడితే తనంతట సర్క్యూట్ తెంపే బ్లాకులు కూడా వస్తాయి, కొంచెం ఖర్చు. అవి కొనలేకపోతే బిగించాక చేత్తో లాగి చూడండి, ప్రతి బ్యాచ్‌కి ముందు ఒకసారి ఎమర్జెన్సీ నొక్కి ప్యానెల్ ఆగుతోందో లేదో చూడండి. పది సెకన్ల పని.

#18 – మొదటిమరుగు

ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్తారనుకోలేదు. లిస్టు మార్చాను. మెయిన్ ఐసోలేటర్‌గా (ప్యానెల్ మొత్తాన్ని లైను నుంచి విడదీయడానికి) ఒక 25 ఆంప్స్ క్యామ్ స్విచ్ (తిప్పే స్విచ్), ఎమర్జెన్సీ స్టాప్, స్టార్ట్, స్టాప్, మూడు స్థానాల సెలెక్టర్, పంపులకి రెండు సెలెక్టర్లు. మొత్తం ఏడు. లైట్లు నాలుగు. మా స్నేహితుడి దగ్గర విప్పేసిన మెషీన్ ప్యానెల్ ఒకటి ఉందట, అందులో సెలెక్టర్లు, బటన్లు ఇస్తానన్నాడు. ఎమర్జెన్సీ, క్యామ్ కొత్తవి కొంటాను.

రెండు ప్రశ్నలు. పంపులు నేరుగా ఈ సెలెక్టర్లతో నడపొచ్చా? పాత స్విచ్‌లు బాగున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

#19 – రాగితీగ

క్యామ్ స్విచ్ ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెండింటినీ తెంపేదిగా చూసుకోండి.

పంపుల సంగతి. చిన్న మ్యాగ్నెటిక్ పంపులు 230 వోల్టుల మీద ఒక ఆంప్ లోపే తీసుకుంటాయి. బ్లాక్ మీద 10 ఆంప్స్ అని పెద్దగా రాసి ఉంటుంది. అది కాంటాక్ట్ వేడెక్కకుండా మోయగలిగే కరెంటు, మోటారుని ఆన్ ఆఫ్ చేయగలిగేది కాదు. ఏసీ-15 అని పక్కన చిన్న అక్షరాల్లో ఉండేది చూడండి, చాలావాటికి 240 వోల్టుల దగ్గర 3 ఆంప్స్ ఉంటుంది. మీ పంపులకి చాలు. ఏసీ-15 అంకె ఎక్కడా ఇవ్వని స్విచ్‌తో పంపు నడపకండి. 12 వోల్టుల కారు స్విచ్‌ని కూడా, దాని మీద 20 ఆంప్స్ అని ఉన్నా సరే, 230 వోల్టులకి వాడకండి.

#20 – పాతఇనుము

పాతవి పరీక్షించే పద్ధతి చెప్తాను. ముందు కంటిచూపు: ప్లాస్టిక్ పసుపెక్కిందా, స్క్రూ దగ్గర కరిగిన గుర్తులున్నాయా. ఉంటే పారేయండి. ముందు వైపు రబ్బరు వాషర్ చూడండి, అది ఎండి పగిలితే ఐపీ65 (దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే రేటింగు) అని రాసి ఉన్నా ఆవిరి లోపలికి పోతుంది. వాషర్లు విడిగా దొరుకుతాయి.

తర్వాత కాంటాక్ట్. మల్టీమీటర్ ఓమ్స్‌లో చూస్తే సరిగ్గా తెలియదు, దాని వైర్లకే 0.2, 0.3 ఓమ్‌లు ఉంటాయి. 12 వోల్టుల బ్యాటరీకి 2 ఆంప్స్ తీసుకునే బల్బు పెట్టి, మధ్యలో ఈ స్విచ్ వేసి, బల్బు వెలుగుతుండగా స్విచ్ రెండు చివర్ల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. 100 మిల్లీవోల్టుల లోపు ఉంటే రెసిస్టెన్స్ 50 మిల్లీఓమ్‌ల లోపే. ఇరవైసార్లు తిప్పి తిప్పి చూడండి. అంకె ప్రతిసారీ ఒకేలా రావాలి. ఒకసారి 40, ఒకసారి 400 వస్తే ఆ బ్లాక్ వద్దు. తలకాయ ఉంచుకుని బ్లాక్ మాత్రం కొత్తది వేయండి. మీకు కావలసిన ఆ గట్టి మెటల్ తలకాయ ఎలాగూ మిగులుతుంది, కొత్త బ్లాక్ ఖర్చు తక్కువ.

#21 – హాప్‌తీగ

తలకాయలు మెటల్‌వి అయితే, తలుపు కూడా మెటల్‌దైతే, తలుపుకి విడిగా ఎర్త్ వైరు వేయండి. మడత బందుల మీద ఆధారపడొద్దు.

లైట్ల గురించి ఒకటి. ఎల్ఈడీ ఇండికేటర్‌ని ఎస్‌ఎస్‌ఆర్ తర్వాత, ఎలిమెంట్‌కి సమాంతరంగా వేశాను నేను. ఎలిమెంట్ ప్లగ్ పెట్టినంత కాలం బాగానే ఉంది. కడగడానికి ప్లగ్ తీస్తే ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉన్నా లైటు వెలుగుతోంది! ఎస్‌ఎస్‌ఆర్ పోయిందని కొత్తది కూడా తెప్పించాను.

#22 – రాగితీగ

ఎస్‌ఎస్‌ఆర్ పోలేదు. ముందు చెప్పిన ఆ లీకేజీయే. 3500 వాట్ల ఎలిమెంట్ రెసిస్టెన్స్ 15 ఓమ్‌లు. రెండు మూడు మిల్లీఆంప్స్ దాని గుండా పోతే లైటు దగ్గర వోల్టేజీ ఒక వోల్టులో పదో వంతు కూడా ఉండదు. ఎలిమెంట్ తీసేస్తే ఆ లీకేజీకి ఉన్న ఒకే దారి ఎల్ఈడీ, దానికి అంత చాలు. ప్లగ్ తీసినా ఆ సాకెట్‌లో షాక్ కొట్టే వోల్టేజీ ఉందని ఆ లైటు మీకు నిజమే చెప్తోంది. ఎలిమెంట్ సెలెక్టర్‌ని ఆఫ్‌లో పెట్టి, కాంటాక్టర్ వదిలాక ప్లగ్ తీస్తే ఇది రాదు.

#23 – మొదటిమరుగు

మూడు వారాల తర్వాత వస్తున్నాను. ప్యానెల్ తయారైంది, నీళ్లతో పరీక్షించాను. ఏం జరిగిందో రాస్తున్నాను, ఇంకొకరికి పనికొస్తుంది.

స్నేహితుడిచ్చిన వాటిలో తొమ్మిది బ్లాకుల్ని పాతఇనుము గారి పద్ధతిలో పరీక్షించాను. ఆరు నిలిచాయి, మూడు పోయాయి. వాటిలో ఒకటి చూడటానికి అన్నిటికన్నా కొత్తగా ఉంది.

నేను మీ మాట వినకుండా చేసింది ఒకటుంది. మరుగుతుండగా పీఐడీని ఆపకుండా ఎలిమెంట్‌ని తాత్కాలికంగా ఆపడానికి ఒక పాత సెలెక్టర్‌ని పీఐడీకీ ఎస్‌ఎస్‌ఆర్‌కీ మధ్య 12 వోల్టుల వైరులో అదనంగా వేశాను. పరీక్షలో బాగా వచ్చిన బ్లాకే. మొదటి అరగంట బాగుంది. తర్వాత పీఐడీ ఆన్ అంటోంది, ఎస్‌ఎస్‌ఆర్ లైటు మాత్రం మిణుకు మిణుకుమంటోంది. నీళ్లు 96 డిగ్రీల దగ్గర ఆగిపోయాయి. స్విచ్ మీద వేలితో తడితే మళ్లీ వెలుగుతోంది. 2 ఆంప్స్ దగ్గర 60 మిల్లీవోల్టులు చూపించిన కాంటాక్ట్ ఇక్కడ ఎందుకు మొరాయించింది?

#24 – రాగితీగ

2 ఆంప్స్ దగ్గర బాగుండి, 10 మిల్లీఆంప్స్ దగ్గర పాడవడం వింత కాదు. ఎస్‌ఎస్‌ఆర్ ఇన్‌పుట్ తీసుకునేది ఆ పది మిల్లీఆంప్సే. వెండి కాంటాక్ట్ మీద సన్నని మైల పొర పేరుకుంటుంది. 230 వోల్టులూ కాస్త కరెంటూ ఉంటే ఆ పొరని చీల్చుకుని పోతాయి, మీ 2 ఆంప్స్ పరీక్షలో కూడా అలాగే పోయాయి. 12 వోల్టులు, 10 మిల్లీఆంప్స్‌కి ఆ బలం లేదు. పాత స్విచ్ ఇదివరకు పెద్ద కాయిల్స్ నడిపి ఉంటే కాంటాక్ట్ మీద గుంటలు కూడా పడి ఉంటాయి. ఇంత చిన్న సిగ్నల్‌కి బంగారు పూత ఉన్న కాంటాక్ట్‌లు విడిగా తయారు చేస్తారు.

మీకు బంగారం అక్కర్లేదు. ఆ సెలెక్టర్‌ని 12 వోల్టుల వైరులోంచి తీసేసి, కెటిల్ కాంటాక్టర్ కాయిల్ వైరులో వరసలో వేయండి. అదే పాత బ్లాక్ 230 వోల్టుల దగ్గర బాగా పనిచేస్తుంది, ఎలిమెంట్ కూడా నిజంగా తెగుతుంది.

#25 – మొదటిమరుగు

మార్చాను. రెండు వైర్ల పని, పావుగంట పట్టింది. నిన్న రాత్రి 40 లీటర్ల నీళ్లు మరిగించి గంటన్నర నడిపాను. అరగంటకొకసారి మెయిన్ ఐసోలేటర్ ఆపి, కరెంటు లేదని మీటర్‌తో చూసుకుని, తలుపు తీసి స్విచ్‌ల వెనక చెయ్యి పెట్టి చూశాను. ఒక్కటీ వేడెక్కలేదు. కాంటాక్టర్లు మాత్రం గోరువెచ్చగా ఉన్నాయి. ఎమర్జెన్సీ మూడుసార్లు నొక్కాను, మూడుసార్లూ టక్కుమని ఆగింది, వదిలాక పచ్చ బటన్ నొక్కితేనే మళ్లీ వచ్చింది. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో కూడా చూపించాను. ఆయన ఒకటే మార్చమన్నారు: వైర్లు పెట్టె పైనుంచి వస్తున్నాయి, కిందనుంచి గ్లాండ్ (వైరు చుట్టూ బిగిసే సీలు) ద్వారా రావాలి, లేకపోతే ఆవిరి నీరై వైరు వెంట లోపలికి జారుతుందని. అది ఈ ఆదివారం.

#26 – పాతఇనుము

పోయిన ఆ మూడు బ్లాకులూ పారేయకండి. స్క్రూలు, క్లిప్పులు తీసి పెట్టుకోండి, ఎక్స్‌బీ2 టెర్మినల్ స్క్రూ పోతే విడిగా దొరకడం కష్టం. ఇంతకీ మొదటి బ్యాచ్ ఏం కాస్తున్నారు?

#27 – మొదటిమరుగు

మామూలు పేల్ ఏల్. గ్యాస్ మీద ఇరవైసార్లు కాసిందే, తేడా తెలుస్తుందని. గ్లాండ్లు బిగించగానే మొదలుపెడతాను, ప్యానెల్ వైరింగ్ బొమ్మ కూడా అప్పుడే ఇక్కడ పెడతాను.